రూతు పేరు పిలిచినప్పుడు నేను వెళ్ళాను

మా రేపల్లె హైస్కూలు హెడ్మాస్టరు గారు పోయారని మొన్న తెలిసింది. తొంభై దాటిన మనిషి కాబట్టి ఎవరికీ పెద్దగా దుఃఖం ఉన్నట్టు లేదు గానీ, పూర్వ విద్యార్థులు మాత్రం సంస్మరణ సంచిక వేస్తున్నారు. "సుజాత గారూ, మీరు రాస్తుంటారు కదండీ, ఆయన క్రమశిక్షణ గురించి రెండు పేజీలు రాసివ్వండి" అని ఒకాయన ఫోను చేశాడు. ఇప్పుడు ఆ ఊళ్ళోనే మందుల కొట్టు నడుపుతున్నాడట. చొక్కాకు గుండీ లేదని ఒకప్పుడు ఎండలో మోకాళ్ళ మీద నిలబడ్డవాడు. ఆ సంగతి గుర్తు చేస్తే, "అందుకేనండీ ఇవాళ ఇట్టా ఉన్నాం" అన్నాడు గర్వంగా. ఎట్టా ఉన్నాడో నేను అడగలేదు. రాయనని చెప్పి ఫోను పెట్టేశాను. పెట్టేశాక అనిపించింది, రాయాల్సింది ఉందని. కాకపోతే అది శాలువాలూ పూలదండలూ ఉన్న పుస్తకంలో ఇమిడేది కాదు.

ఎనభైల్లో ఆ బళ్ళో చదువు కంటే గుడ్డ ముఖ్యం. ఆడపిల్లలకు ముదురు నీలం లంగా, తెల్ల జాకెట్టు, ఎనిమిదో తరగతి నుంచి తెల్ల ఓణీ, మడిచి కట్టిన రెండు జడలకు నీలం రిబ్బన్లు. ఆ నీలం ఏ నీలమో హెడ్మాస్టరు గారు స్వయంగా తెనాలి వెళ్ళి, ఒక కొట్లో తానులన్నీ విప్పించి ఖాయం చేసి వచ్చారు. వస్తూ వస్తూ అందులోంచి అరచేయంత ముక్క కత్తిరించి తెచ్చుకున్నారు. అది ఆయన చొక్కా జేబులో ఉండేది. సోమవారం ప్రార్థన అయ్యాక వరసల మధ్య నడుస్తూ, అనుమానం వచ్చిన లంగా మీద ఆ ముక్క పెట్టి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, వంగి చూసేవారు. లెక్కల మాస్టారు లేక మా తరగతి సగం ఏడాది ఊరికే కూర్చుంది. ఆ గదిలోకి ఆయన అంత శ్రద్ధగా వంగి చూసిన గుర్తు నాకు లేదు. ఉతికిన కొద్దీ ఏ నీలమైనా వెలిసిపోతుంది. నాదీ వెలిసింది. కానీ నా లంగా మీద ఆ ముక్క ఒక్కసారీ వాలలేదు. నేను తెలుగు మాస్టారి కూతుర్ని.

ఆదివారం మా ఇల్లంతా గంజి వాసన. అన్నం వార్చిన గంజి పల్చన చేసి అమ్మ నా తెల్ల ఓణీకీ నాన్న పంచెలకూ పెట్టేది. అంతకు ముందు నీలిమందు నీళ్ళలో జాడించడం ఒక పెద్ద పని. మందు ఎక్కువైతే మరకలు, తక్కువైతే పసుపు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు రాజేసి, అరిటాకు ముక్క మీద ఒకసారి రుద్ది, మెట్ల మీద దుప్పటి పరిచి ఇస్త్రీ మొదలుపెట్టేది. కాలిన అరిటాకూ, గంజీ, బొగ్గూ కలిసిన ఆ వాసన నాకు ఇప్పటికీ సోమవారం భయాన్ని తెస్తుంది. మా నాయనమ్మ గుమ్మంలో కూర్చుని పొగాకు కాడ నములుతూ ఇదంతా చూసేది. "ఏంట్రా, మీ బళ్ళో పిల్లలకి చదువు చెప్తన్నారా, చాకిరేవు పెట్టారా?" అని నాన్నను అడిగేది. నాన్న వినపడనట్టు లోపలికి వెళ్ళిపోయేవాడు. వినపడనట్టు ఉండడం మా నాన్నకు బాగా వచ్చిన విద్య.

ఇంకో విద్య కూడా వచ్చు. చలి తగ్గే రోజుల్లో బడి వార్షికోత్సవం జరిగేది. దానికి నెల ముందు నుంచి నాన్న సాయంత్రాలు వసారాలో మడత కుర్చీ వేసుకుని, హెడ్మాస్టరు గారు చదవబోయే వార్షిక నివేదిక రాసేవాడు. ఆ నెలంతా ఇంట్లో గట్టిగా మాట్లాడకూడదు. ఒక్కో వాక్యం రాసి, పైకి చదివి, చెవికి ఇంపుగా లేకపోతే కొట్టేసి మళ్ళీ రాసేవాడు. నివేదికలో బడి సాధించిన విజయాలు వరసగా ఉండాలనీ, అవి కిందటేటి కంటే ఒకటైనా ఎక్కువ ఉండాలనీ హెడ్మాస్టరు గారి నియమం. అందుకని కొత్త గంట కొంటే విజయం. ప్రహరీకి సున్నం కొడితే విజయం. ఆవరణలో మొక్కలు నాటితే విజయం. వాటిని వారం తిరక్కుండా మేకలు తినేసిన సంగతి నివేదికలోకి రాదు. ఒక ఏడాది లెక్కకు ఒకటి తక్కువైతే, దొరికిన చేతి గడియారం తిరిగిచ్చిన ఆరో తరగతి పిల్లను పట్టుకొచ్చి, "నైతిక రంగమున మన పాఠశాల సాధించిన అపూర్వ విజయము" అని రాశాడు. పదో తరగతి ఫలితాలైతే ఏటా బ్రహ్మాండం. తప్పేట్టున్న పిల్లలకు ముందే టి.సి. ఇచ్చి, ప్రైవేటుగా పరీక్ష కట్టుకోమని పంపేసేవారు. మిగిలినవాళ్ళంతా ప్యాసయ్యారని వేదిక మీద చదివితే జనం చప్పట్లు కొట్టేవాళ్ళు. పంపేసిన పిల్లల తల్లిదండ్రులు కూడా ఆ జనంలోనే కూర్చుని కొట్టేవాళ్ళు.

తొమ్మిదో తరగతిలో నా బెంచీలో, నా పక్కన కూర్చునే అమ్మాయి పేరు రూతు. పెనుమూడి నుంచి వచ్చేది. తండ్రి లేడు. తల్లి ఎస్తేరమ్మ నాట్లకూ కోతలకూ వెళ్ళేది. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది ఆవిడేనట, ఆవిడ గొంతు ఏటి ఒడ్డుదాకా వినపడుతుందని రూతు చెప్పేది. రూతుకు ఆ గొంతు రాలేదు. కాళ్ళు వచ్చాయి. బస్సు తప్పిపోతే బడిదాకా పరిగెత్తుకు వచ్చి, ఆయాసం లేకుండా "హాజర్ సార్" అనేది. ఆమెకు ఉన్నది ఒకటే నీలం లంగా. ఆ ఏడు హఠాత్తుగా జానెడు పొడుగయ్యేసరికి లంగా చీలమండల పైకి పోయింది. కింద మడత విప్పినా చాల్లేదు. ఎస్తేరమ్మ ఎక్కడిదో ఒక నీలం గుడ్డ సంపాదించి బెత్తెడు పట్టీ వేసింది. మిషను కుట్టు అనిపించేంత పొందికైన చేతి కుట్టు. కాకపోతే ఆ నీలం, ఈ నీలం ఒకటి కాదు.

సోమవారం హెడ్మాస్టరు గారి ముక్క ఆ పట్టీ మీద వాలింది.

"ఏంటిది? రెండు రంగులేంటి?"

"పొడుగయ్యానండి," అంది రూతు.

"పొడుగయ్యావా? ఎవరు అవ్వమన్నారు?"

బడి బడంతా నవ్వింది. మాస్టార్లు నవ్వారు. నేనూ నవ్వాను. రూతు మాత్రం ఆ ప్రశ్నకు నిజంగానే జవాబు వెతుకుతున్నట్టు నిలబడింది. ఆ రోజు ఇంటికి పంపేశారు. ఆ తర్వాత చాలా సోమవారాలు అంతే. మంగళవారం వచ్చి నా పుస్తకంలోంచి ముందు రోజు పాఠాలు రాసుకునేది. ఆ రంగు తేడా ఎప్పుడూ ఊరి చివర పేటల పిల్లల బట్టల మీదే ఎందుకు కనపడేదో అప్పుడు నాకు తట్టలేదు అని రాయబోయాను. అది అబద్ధం. తట్టింది. అడిగే అవసరం నాకు లేకపోయింది, అంతే.

ఆ ఏడు జిల్లా ఆటల పోటీలు బాపట్లలో జరిగాయి. టెన్నికాయిట్ జట్టులో నేనూ వెళ్ళాను. మొదటి ఆటలోనే ఓడిపోయి, పులిహోర పొట్లం విప్పుకుని గట్టు మీద కూర్చున్నాను. రూతు ఎనిమిది వందల మీటర్ల పరుగులో ఉంది. కాన్వాస్ బూట్లు లేకపోతే బడి పరువు పోతుందని హెడ్మాస్టరు గారు ఎవరివో అరువు తెప్పించారు. అవి బిగుతై, బరిలోకి దిగే ముందు రూతు విప్పేసింది. లంగా ఎగదోపి, ఓణీ నడుముకు గట్టిగా చుట్టుకుని, ఒట్టి కాళ్ళతో నిలబడింది. మొదటి చుట్టులో అందరికంటే వెనక ఉంది. రెండో చుట్టులో ఏం జరిగిందో నాకు సరిగ్గా చెప్పడం రాదు. తక్కినవాళ్ళంతా ఆగిపోయినట్టు అనిపించింది. దారం తెంచుకుని ఇంకా కొంత దూరం పరిగెత్తి, గట్టు పక్కన వంగి కక్కుకుంది. నేను నీళ్ళు పట్టుకుని వెళితే, మూతి తుడుచుకుంటూ, "ఎవరొచ్చారే ఫస్టు?" అని అడిగింది. నువ్వేనంటే నమ్మలేదు. డ్రిల్ టీచరు వచ్చి కావలించుకుంటే అప్పుడు నమ్మి, నవ్వడం మొదలుపెట్టి, రైల్లో తెనాలి వచ్చేదాకా నవ్వుతూనే ఉంది. తెనాలి స్టేషన్లో రేపల్లె బండి మారేటప్పుడు గెలుచుకున్న షీల్డును నా చేతికిచ్చి, "కాసేపు నువ్వు పట్టుకోవే, బరువుగా ఉంది" అంది.

ఇన్నేళ్ళ గంటలకూ సున్నాలకూ మధ్య మా బడికి వచ్చిన మొదటి అసలైన విజయం అది. నాన్న దానికి సగం పేజీ కేటాయించాడు. వాయువేగమనీ, కీర్తిపతాక అనీ, పుట్టినింటికీ మెట్టిన బడికీ అనీ ఏవేవో రాశాడు. షీల్డు హెడ్మాస్టరు గారి గదిలో పెట్టి, వార్షికోత్సవం రోజున ముఖ్య అతిథి చేతుల మీదుగా రూతుకు మళ్ళీ ఇప్పించాలని నిర్ణయమైంది. తెనాలి నుంచి ఒక పెద్ద అధికారి వస్తున్నాడు. ఫోటో తీసేవాణ్ణి కూడా పిలిచారు.

ఆ రోజు మధ్యాహ్నం బహుమతులు తీసుకునే పిల్లలందర్నీ స్టాఫ్ రూములో వరసగా నిలబెట్టారు. నాన్నకు నివేదిక కాగితాలు ఇవ్వడానికి వచ్చి నేనూ అక్కడే ఉన్నాను. హెడ్మాస్టరు గారు గోధుమ రంగు సూటు వేసుకుని, ఆ ఎండలో చెమట కక్కుతూ వచ్చారు. సూటు వేసుకున్నా జేబులో ముక్క ఉంది. రూతు దగ్గర ఆగారు.

"ఈ పిల్ల ఇట్లా స్టేజీ ఎక్కుతుందా? ఆఫీసరు గారి పక్కన? ఫోటోలో ఈ అతుకు పడుతుంది."

డ్రిల్ టీచరు అంది, "దానికేముందండీ, సుజాతా, రూతూ ఒకే పొడుగు. పక్క గదిలో లంగాలు మార్చుకుంటే సరి. అయిదు నిమిషాల పని."

రూతు నావైపు చూసింది. నేను నాన్నవైపు చూశాను. నాన్న కిటికీ దగ్గర నివేదిక కాగితాలు సర్దుకుంటున్నాడు. ఈసారి వినపడనట్టు ఉండలేదు. కాగితాల మీంచి తల ఎత్తకుండానే, "అదంతా ఎందుకులెండి. మా అమ్మాయే వెళ్ళి తీసుకుంటుంది. పేరు ఎటూ రూతుదే చదువుతారు కదా" అన్నాడు.

ఎందుకు వద్దో ఆ గదిలో అందరికీ తెలుసు. రూతు లంగా నేను కట్టుకోవడం ఆయనకు ఇష్టం లేదు. హెడ్మాస్టరు గారికి ఆ ఉపాయం ఎంతగానో నచ్చింది. "తెలుగు మాస్టారు ఉండబట్టి సరిపోయింది" అన్నారు. రూతును కుట్టుపని గదిలో కూర్చోమన్నారు. ఆమె వెళ్ళి కూర్చుంది. వరసలో ఆమె ఖాళీ చేసిన చోట నేను నిలబడ్డాను.

సాయంత్రం సభలో నివేదిక చదివారు. గంటకు చప్పట్లు, సున్నానికి చప్పట్లు. మన పాఠశాలలో ప్రతి విద్యార్థీ ఏకరూప దుస్తులలో హంసల బారువలె మెరయుచున్నాడని నాన్న రాసిన వాక్యానికి మరీ ఎక్కువ చప్పట్లు. తర్వాత పరుగు పందెం గురించి సగం పేజీ చదివి, "కుమారి రూతు!" అని పిలిచారు. నేను మెట్లెక్కాను. అధికారి షీల్డు నా చేతిలో పెట్టి, "ఎంతసేపట్లో పరిగెత్తావమ్మా?" అని అడిగాడు. నాకు తెలియదు. నవ్వాను. అప్పుడే ఫోటో తీశారు.

ఆడవాళ్ళు కూర్చున్న వైపు, చివర నుంచి ఒకావిడ లేచి నిలబడింది. ఉతికి ఆరేసిన తెల్ల చీర. బడికి ఆవిడ రావడం అదే మొదటిసారని నాకు తర్వాత తెలిసింది.

"అయ్యా, ఆ పిల్ల మా పిల్ల కాదండి," అంది. పెద్దగా అరవలేదు. కానీ ఆ గొంతుకు మైకు అక్కర్లేదు.

"కూర్చోమ్మా, కూర్చో, తర్వాత మాట్లాడదాం," అన్నారు హెడ్మాస్టరు గారు మైకులో.

"నా కూతురు రూతండి. ఈ అమ్మాయి కాదు. మా అమ్మాయి ఏదండి?"

సభలో ఎవరో నవ్వారు. ఎవరో కూర్చోబెట్టమన్నారు. అధికారి గడియారం చూసుకున్నాడు. హెడ్మాస్టరు గారు తర్వాతి పేరు పిలిచారు. ఎస్తేరమ్మ కూర్చోలేదు. ఇంకో ఇద్దరు పిల్లలు బహుమతులు తీసుకునేదాకా అలాగే నిలబడి, తర్వాత జనాన్ని దాటుకుంటూ బడి గదులవైపు వెళ్ళింది. ఒక్కో గది తలుపూ తోసి "రూతూ, రూతూ" అని పిలవడం వేదిక మీదికి వినపడుతూనే ఉంది. ఆమెను మించి వినపడాలని పిల్లల చేత స్వాగత గీతం మళ్ళీ పాడించారు.

రూతు మళ్ళీ బడికి రాలేదు. ఎస్తేరమ్మ వచ్చి టి.సి. తీసుకుపోయి, బాపట్లలో ఒక మిషన్ హాస్టల్లో చేర్చిందని విన్నాం. షీల్డు హెడ్మాస్టరు గారి గదిలో అద్దాల బీరువాలో ఉండిపోయింది. మా ఇంట్లో వార్షికోత్సవం రాత్రి భోజనాల దగ్గర నాయనమ్మ ఒక్కతే అడిగింది. "ఆ పిల్ల పరిగెత్తితే నీకెందుకిచ్చారే?" నాన్న పెరుగు వడ్డించమన్నాడు.

ఇప్పటి బళ్ళకు టైలూ, బెల్టులూ, వారానికి రెండు రంగుల బట్టలూ వచ్చాయి. విజయాలను కాగితం మీద చదవడం పోయి, కూడలిలో నిలువెత్తు ఫ్లెక్సీ మీద ముఖాలు అచ్చు వేస్తున్నారు. ఆ ముఖాల్లో సగం ఆ బళ్ళో చదివినవేనా అని జనానికి అనుమానం. జనం దాన్ని కొత్త రోగమన్నట్టు మాట్లాడతారు. మా రోజుల్లో విలువలుండేవని నా ఈడు వాళ్ళు నిట్టూరుస్తుంటే నాకు ఒళ్ళు మండుతుంది. మా రోజుల్లో ఉన్నదీ ఇదే. రంగు అచ్చు యంత్రం లేదు గనక మా నాన్న చేత రాయించుకున్నారు.

తొంభైల్లో నేను బాపట్లలో లెక్చరర్‌గా చేరాక, ఒక వేసవి పరీక్షల డ్యూటీ చెరుకుపల్లిలో పడింది. హైస్కూలు ఆవరణలో ఈల వేస్తూ, ముదురు చీర కొంగు బొడ్లో దోపుకుని పిల్లల చేత పరుగులు తీయిస్తున్న టీచరును చూడగానే, ఆ నిలబడే తీరు బట్టి గుర్తుపట్టాను. తనూ గుర్తుపట్టింది. "సుజాతవి కదూ! చిక్కిపోయావేంటే?" అంది. మధ్యాహ్నం తన టిఫిన్ డబ్బాలో అన్నం, చేపల పులుసు సగం నాకు పెట్టింది. అక్కడే డ్రిల్ టీచరుగా చేస్తోంది. పెళ్ళయింది, ఒక కూతురు. ఎస్తేరమ్మ ఆమె దగ్గరే ఉంటుంది. అన్నీ చెప్పుకున్నాక, నేను చెయ్యి కడుక్కుంటుంటే అంది.

"నువ్వు స్టేజీ ఎక్కావని నాకు కోపం లేదే. మీ నాన్న ఎక్కమన్నారు, ఎక్కావు. ఫోటోకి నవ్వావంట చూడు. మా అమ్మ చెప్పింది. అది మాత్రం చాన్నాళ్ళు మర్చిపోలేకపోయా."

గంట కొట్టారు. పేపర్లు పంచడానికి వెళ్ళిపోయాను.

ఆ శనివారం రేపల్లె వెళ్ళి నాన్నకు చెప్పాను. అప్పటికి రిటైరయ్యాడు. మర్నాడు వసారాలో మడత కుర్చీ వేసుకుని, ఆమెకు ఉత్తరం రాశాడు. మూడు పేజీలు. కాలచక్రమనీ, విధి వైపరీత్యమనీ, విద్యాలయ గౌరవార్థం ఒక్కోసారి కొన్ని సర్దుబాట్లు అనివార్యమగుననీ, కుమారి రూతు ఉన్నతి తనకు అమితానందము కలిగించుచున్నదనీ ఉంది. నాకు చదవమని ఇచ్చి, మెప్పు కోసం నా ముఖంలోకి చూశాడు. అంత అసహ్యం నాకు ఆయన మీద అంతకు ముందెన్నడూ కలగలేదు.

"నాన్నా, ఇందులో తప్పు చేశానన్న మాట లేదు."

"ఉంది. భావం అదే కదమ్మా."

"భావం కాదు. మాట లేదు. ఆ రోజు లంగా ఎందుకు మార్చుకోనివ్వలేదో అది కూడా లేదు."

నాన్న కాగితాలు తీసుకుని జాగ్రత్తగా మడిచాడు. మడుస్తూ, "మరి నువ్వు చెప్పావా?" అన్నాడు.

చెప్పలేదు. ఆమె చేపల పులుసు తిని, చెయ్యి కడుక్కుని వచ్చేశాను. నువ్వు చెప్పావా అన్న ఆ వాక్యం ఒక్కటే మా నాన్న నోట నేను విన్న సూటి వాక్యం.

మరుసటి ఆదివారం బస్సెక్కి చెరుకుపల్లి వెళ్ళాను. రూతు వాళ్ళు చర్చి నుంచి అప్పుడే వచ్చారు. ఎస్తేరమ్మ అరుగు మీద కూర్చుని మనవరాలికి జడ వేస్తోంది. నన్ను పోల్చుకోలేదు. నేనే చెప్పాను. ఆ రోజు స్టేజీ మీద ఉన్నది నేననీ, లంగా మార్చుకుంటానని ఒక్క మాట అనగలిగుండీ అనలేదనీ, తప్పు చేశాననీ. రాసుకుని వెళ్ళిన మాటలేవీ రాలేదు, ఇవే వచ్చాయి. ఎస్తేరమ్మ జడ అల్లడం ఆపి నన్ను పైకీ కిందికీ చూసింది.

"ఇప్పటికి వచ్చావు కదా. కూర్చోమ్మా," అంది. మళ్ళీ జడలోకి వేళ్ళు పోనిచ్చి, కాసేపటికి అడిగింది. "మీ నాన్నగారు రాలేదా?"

"రాలేదండి," అన్నాను.

ఆ తర్వాత నాన్న చాలా ఏళ్ళు బతికాడు. రేపల్లె నుంచి చెరుకుపల్లి ఎంతో దూరం కాదు. ఆ ఊరు రెండు పెళ్ళిళ్ళకు వెళ్ళాడు. ఒకసారి అక్కడే సన్మానం చేస్తామంటే గంజి పెట్టిన పంచె కట్టుకుని, కారు పంపమని కబురు చేసి మరీ వెళ్ళి, శాలువా కప్పించుకుని వచ్చాడు.